ఆరు వారాల్లో రీసెర్చ్ అసైన్‌మెంట్: టాపిక్ పెద్దదైపోయింది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు

గాజువాక_పిల్ల:

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను, కాలేజీ పేరు వద్దులెండి. ఈ సెమిస్టర్‌లో ఒక రీసెర్చ్ అసైన్‌మెంట్ చెయ్యాలి. పాతిక ముప్ఫై పేజీలు, అందులో కొంతైనా మనం తిరిగి తెచ్చిన సమాచారం ఉండాలి, ఏప్రిల్ 10న ఇచ్చెయ్యాలి, తర్వాత వైవా, అంటే నోటి పరీక్ష. చేతిలో ఉన్నది ఆరు వారాలు. నేను "విశాఖపట్నం మత్స్యకారుల సామాజిక, ఆర్థిక స్థితిగతులు" అని టాపిక్ రాసిస్తే సర్ చూసి "ఇది పీహెచ్‌డీకి కూడా ఎక్కువేనమ్మా, కుదించుకుని రా" అని కాగితం వెనక్కిచ్చేశారు. ఎలా కుదించాలి అని అడుగుదామనుకునేలోపే ఇంకొకళ్ళ కాగితం అందుకున్నారు.

వారం నుంచి చేస్తున్నదల్లా ఫోన్లో పీడీఎఫ్‌లు దించుకోవడం. నలభై దాటాయి, ఒక్కటీ పూర్తిగా చదవలేదు. చదివినవాటిలో కూడా ఏది పనికొస్తుందో, ఏది రాదో తెలియట్లేదు, అన్నీ ముఖ్యమే అనిపిస్తున్నాయి. అమ్మ "ఎంతసేపూ ఆ ఫోనేనా" అంటోంది, చదువుకుంటున్నానంటే నమ్మట్లేదు, నిజం చెప్పాలంటే నాకే నమ్మకం లేదు. మాది గాజువాక, కాలేజీ, బస్సు పోగా నాకు దొరికేది శనివారం మధ్యాహ్నం, ఆదివారం. ఇంతకు ముందు చేసినవాళ్ళు ఎవరైనా మొదటి అడుగు ఏమిటో చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

పాత_నోట్సు:

చెల్లీ, ముందు ఆ పీడీఎఫ్‌లు దించడం ఆపెయ్. నేనూ అదే చేశాను, డిగ్రీలో "విశాఖలో కాలుష్యం" అని టాపిక్ తీసుకుని. గాలి, నీళ్ళు, పోర్టు, స్టీల్ ప్లాంటు, బీచ్‌లో ప్లాస్టిక్, అన్నిటి గురించీ ఒక్కో పేజీ. వైవాలో మేడమ్ ఒకటే అడిగారు, "ఇందులో నువ్వు కనిపెట్టింది ఏది?" అని. నాకు ఇప్పటికీ ఆ గదిలో ఫ్యాన్ తిరిగిన చప్పుడు గుర్తుంది.

నీ దగ్గరున్నది టాపిక్ మాత్రమే, ప్రశ్న లేదు. రెండిటికీ చాలా తేడా ఉంది. టాపిక్ అయితే ఎంత చదివినా తరగదు, ప్రశ్నకైతే ఎక్కడో ఒకచోట జవాబు దొరికి ఆగుతావు. నీ టాపిక్‌ని పట్టుకుని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని మూడుసార్లు కొయ్యి. మత్స్యకారులంటే ఎవరు? బోటు యజమానా, కూలికి వేటకెళ్ళేవాడా, వల అల్లేవాడా, చేపలు అమ్ముకొచ్చే ఆడమనిషా? విశాఖ అంటే ఎక్కడ? ఫిషింగ్ హార్బరా, పెదజాలరిపేటా, భీమిలా? ఎప్పుడు? ఏడాదంతానా, వేట నిషేధం రోజుల్లోనా?

నువ్వు చూడగలిగేంత చిన్నదైతే ఇలా ఉంటుంది: "పెదజాలరిపేటలో చేపలమ్మే ఆడవాళ్ళు వేట నిషేధం రోజుల్లో ఇల్లు ఎలా నడుపుతారు?" తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను బోట్లను సముద్రంలోకి వెళ్ళనివ్వరు. ప్రభుత్వం ఇచ్చే సాయం వేటకి వెళ్ళేవాళ్ళ లెక్క మీద వస్తుంది. మరి ఆ చేప కొని వీధుల్లో తిరిగి అమ్మే మనిషి ఆ రెండు నెలలూ ఏం చేస్తుంది? నాకైతే తెలియదు, తెలుసుకోవాలని ఉంది. ప్రశ్న వినగానే పక్కవాళ్ళకి కూడా "అవును, ఏం చేస్తారు?" అనిపించిందంటే అది పనికొచ్చే ప్రశ్నే. అదీగాక పెదజాలరిపేట నీకు మద్దిలపాలెంలో దిగి ఆటో ఎక్కితే వచ్చేస్తుంది, శనివారం మధ్యాహ్నం చాలు.

గాజువాక_పిల్ల:

అక్కా, చాలా థ్యాంక్స్, ప్రశ్న చదవగానే పట్టుకోవడానికి ఏదో దొరికినట్టయింది. కానీ ఒక చిక్కు. నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న, నేను ఇవ్వాల్సింది 10న. జరగని దాని మీద ఏం రాయను?

బ్యాక్‌లాగ్_బాబు:

ఇంత అవసరమా అండీ. సీనియర్ల రిపోర్టు ఒకటి పట్టుకుని, పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేయండి. ఎవడు చదువుతాడు? నేను అలాగే గట్టెక్కాను.

దిద్దే_పెన్ను:

బాబూ, ఎవడు చదువుతాడంటే నేను చదువుతాను, అదే నా ఉద్యోగం. వేట నిషేధం ఒకప్పుడు 47 రోజులు, 2015లో 61 చేశారు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి నా టేబుల్ మీదికి 47 రోజులనే రిపోర్టులు వచ్చాయి, ఒకటి చూసి ఒకరు, అందులో ఒకదాంట్లో అక్షరదోషం కూడా మూడు బ్యాచ్‌లు చెక్కుచెదరకుండా వచ్చింది. వైవాలో "నిషేధం ఎన్నాళ్ళమ్మా" అని అడిగితే చాలు, మిగతాది ముఖం చెప్పేస్తుంది. పైగా ఇప్పుడు కాపీని పట్టేసే సాఫ్ట్‌వేర్ ఉంది. థీసిస్‌లకీ డిసర్టేషన్‌లకీ యూజీసీ 2018 నిబంధనల్లో పది శాతం దాటిన పోలికకు మెట్లు మెట్లుగా శిక్షలున్నాయి, మీ అసైన్‌మెంట్‌కి అంత దూరం వెళ్ళకపోవచ్చు, కానీ అలవాటు ఇక్కడే మొదలవుతుంది కదా.

అమ్మాయీ, నీ చిక్కు నిజమైన చిక్కే, మంచి సమయంలో పట్టుకున్నావు, మార్చి ఆఖరున పట్టుకునేవాళ్ళే ఎక్కువ. దారి రెండు రకాలు. ఒకటి, పోయినేడు నిషేధంలో ఏం చేశారో అడగడం. రెండు, వచ్చేదానికి ఇప్పుడు ఏం సర్దుకుంటున్నారో చూడటం. నన్నడిగితే రెండూ కలుపు. అయితే మీ సర్‌కి రాసిచ్చే కాగితంలోనే "నిషేధ కాలాన్ని నేను ప్రత్యక్షంగా చూడలేదు, వాళ్ళ జ్ఞాపకం మీద ఆధారపడ్డాను" అని ఒక వాక్యం పెట్టెయ్. లోపం మనమే ముందు చెప్పేస్తే అది పరిమితి అవుతుంది, వైవాలో ఎదుటివాళ్ళు పట్టుకుంటే తప్పు అవుతుంది.

ఇంకో మాట. చెప్పిన ప్రతి కష్టాన్నీ నిషేధం ఖాతాలో వెయ్యకు. 2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో బోట్లు తగలబడ్డాయి, దాదాపు నలభై. అంతకు ముందు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను. ఒకామె "అప్పటినుంచీ కోలుకోలేదు" అందనుకో, ఎప్పటినుంచి అని అడగాలి. అడగకపోతే నువ్వు నిషేధం అని రాసుకుంటావు, ఆమె తుఫాను గురించి చెప్పి ఉంటుంది.

సర్వే_చెప్పులు:

నేను ఎనిమిదేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి సర్వేలు చేసే పనిలో ఉన్నాను, పుస్తకాల సంగతి పెద్దగా తెలియదు, మనుషుల్ని అడగడం గురించి మాత్రం చెప్పగలను.

మొదటి రోజు కాగితం, పెన్ను బయటికి తియ్యొద్దమ్మా. చేప కొను. నిజంగానే కొను, ఇంట్లో వండుకుంటారు కదా. బేరం ఆడుతూ మాట్లాడు. తెల్లారుజామున వేలంపాట దగ్గరికెళ్ళి నిలబడి ప్రశ్నలడిగితే విసుక్కుంటారు, అది వాళ్ళకి నిమిషాల మీద డబ్బు పోయే సమయం. లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ వైపు అమ్మకాలు ముగించుకుని మధ్యాహ్నం ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు వెళ్ళు. నీ శనివారం మధ్యాహ్నం అందుకు సరిగ్గా సరిపోతుంది.

"నెలకి ఎంత సంపాదిస్తారు" అని మాత్రం అడగొద్దు. ఒకటి, చెప్పరు, ఏ ఆఫీసు నుంచి వచ్చావో అనుకుంటారు. రెండు, చెప్పాలన్నా వాళ్ళకి నెల లెక్క ఉండదు, రోజు లెక్క ఉంటుంది. "నిన్న ఎంత పెట్టి కొన్నావు, ఎంత మిగిలింది, మిగిలిన చేప ఏం చేశావు" అని అడుగు, వేళ్ళ మీద చెప్తారు. పోయినేడు సంగతి కావాలంటే తారీఖులతో అడక్కు. ఏప్రిల్ నెల, మే నెల అంటే ఎవరికి గుర్తుంటుంది? సింహాచలం చందనోత్సవం నిషేధంలోనే వస్తుంది, "చందనోత్సవం నాడు ఏం అమ్మావు, ఇంట్లో ఏం వండావు" అను. బడులు తెరిచేది జూన్ రెండో వారం, నిషేధం ఎత్తేసేదీ ఆ ప్రాంతంలోనే. "పిల్లల పుస్తకాలకి డబ్బు ఎక్కడిది" అని అడిగి నోరు మూసుకుని కూర్చో. ఆ ఒక్క ప్రశ్నకి నీకు రెండు పేజీలు వస్తాయి. డ్వాక్రా పుస్తకం వాళ్ళంతట వాళ్ళు తెచ్చి చూపిస్తే జ్ఞాపకం తప్పిందో లేదో అక్కడ సరిచూసుకోవచ్చు, నువ్వు మాత్రం తెమ్మని అడక్కు.

ముందు ముగ్గురితో మాట్లాడి చూడు, ప్రశ్నలు ఎక్కడ తన్నుతున్నాయో తెలుస్తుంది, సరిచేసుకుని తర్వాత పన్నెండు, పదిహేను మంది చాలు నీ పనికి. పదిహేను మందితో మాట్లాడి "67 శాతం మహిళలు" అని మాత్రం రాయకు, నవ్వుతారు, "పదిహేను మందిలో పది మంది" అని రాయి. పేర్లు రిపోర్టులో వద్దు, ఫొటోలు అడక్కుండా తియ్యొద్దు, రికార్డు చేస్తే ముందే చెప్పు.

రింగు వలల (చేపల గుంపును చుట్టేసి పట్టే పెద్ద వలలు) గొడవ గురించి నువ్వుగా ఎత్తకు. 2022 జనవరిలో ఆ విషయం మీద పెదజాలరిపేట, వాసవానిపాలెం మధ్య పెద్ద గొడవే అయింది. వాళ్ళే ఎత్తితే విను, రాసుకో, ఎవరివైపూ మాట్లాడకు.

లైబ్రరీ_మూల:

అందరూ ఫీల్డ్ సంగతి చెప్పేశారు కాబట్టి నేను చదువు సంగతి చెప్తాను. నలభై పీడీఎఫ్‌లు చదవక్కర్లేదు. ఇప్పుడు నీకు ప్రశ్న ఉంది కాబట్టి ఒక్కోదాని మొదటి పేజీ, ఆఖరి పేజీ చూసి "ఇందులో చేపలమ్మే ఆడవాళ్ళు ఉన్నారా? నిషేధం ఉందా?" అని అడుగు. రెండూ లేకపోతే పక్కన పెట్టెయ్. ఆరో ఏడో మిగులుతాయి, అవి మాత్రం నిదానంగా చదువు.

నువ్వు అసలు చూడాల్సినవి వేరే. సీఎంఎఫ్ఆర్ఐ, అంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, హెడ్డాఫీసు కొచ్చిలో ఉన్నా మన పాండురంగాపురంలోనే ఒక కేంద్రం ఉంది. వాళ్ళు 2005, 2010, 2016లో సముద్ర మత్స్యకారుల గణన చేశారు, రిపోర్టులు వాళ్ళ వెబ్‌సైట్లో ఉచితం. 2010 దాంట్లో ఆంధ్రప్రదేశ్ పుస్తకం తెరిస్తే గ్రామాలవారీ పట్టికలున్నాయి, ఎన్ని కుటుంబాలు, ఆడవాళ్ళు ఏం పనులు చేస్తున్నారు వగైరా. నీ పదిహేను మంది ఎంతమందిలో పదిహేను మందో చెప్పడానికి అలాంటి అంకె ఒకటి కావాలి. ఏ సంవత్సరం అంకెయో పక్కనే రాసుకో, ఇందాక దిద్దే_పెన్ను సర్ చెప్పిన 47, 61 గొడవ అలా రాసుకోకపోవడం వల్లే వస్తుంది.

థీసిస్‌లకి శోధ్‌గంగ చూడు, మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్ అది. అందులో పూర్తి థీసిస్ చదవడం మొదలుపెడితే నీ ఆరు వారాలూ అక్కడే అయిపోతాయి, ప్రశ్నావళి ఎలా తయారుచేశారో వెనక అనుబంధంలో ఉంటుంది, అది చూసి బయటికి వచ్చెయ్. ఆంధ్రా యూనివర్సిటీలో డాక్టర్ వి.ఎస్.కృష్ణ లైబ్రరీ ఉంది, బయటి కాలేజీ అయితే మీ ప్రిన్సిపాల్ దగ్గర లెటర్ తీసుకుని వెళ్ళి అనుమతి అడుగు. ఇంటర్నెట్‌లో దొరకని పాత విషయం ఏదైనా కావాలంటే కౌంటర్ దగ్గర ఉన్నవాళ్ళని అడగడమే మేలు, మనం గంట వెతికేది వాళ్ళు నడుచుకుంటూ వెళ్ళి తెచ్చేస్తారు. సమాచార హక్కు కింద మత్స్యశాఖని అడుగుదామని ఎవరైనా సలహా ఇస్తారు, మంచిదే, కానీ జవాబుకి చట్టం ఇచ్చిన గడువే 30 రోజులు, వచ్చింది చాలదంటే మళ్ళీ అడిగే టైము నీకు లేదు.

ఏఐ చాట్‌బాట్‌ని రిఫరెన్సులు అడిగావనుకో, పేరు, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా చక్కగా ఇస్తుంది, వెతికితే అలాంటి వ్యాసమే ఉండదు. మా దగ్గరికి అలాంటి జాబితాలు పట్టుకుని పిల్లలు వస్తున్నారు, పాపం గంటలు వెతుకుతారు. నువ్వు తెరిచి చూడనిది దేన్నీ జాబితాలో పెట్టకు. చదివింది చదివినట్టే జోటెరోలో పడేస్తూ పో, రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్, ఉచితం, ఆఖరి రాత్రి కూర్చుని "ఈ వాక్యం ఎక్కడిదిరా బాబూ" అని తల పట్టుకునే పని తప్పుతుంది.

పాత_నోట్సు:

క్యాలెండర్ సంగతి ఎవరూ చెప్పలేదు. చెల్లీ, వెనకనుంచి లెక్క వేసుకో. ఏప్రిల్ 10 అంటే 7కల్లా ప్రింటు అయిపోవాలి, ఆ వారం బైండింగ్ షాపుల దగ్గర ఊరంతా ఉంటుంది. రాయడానికి రెండున్నర వారాలు. అంటే మార్చి 20 తర్వాత కొత్తగా ఎవరినీ కలవకూడదు. మధ్యలో ఉగాది, ఎలాగూ ఇంటర్నల్స్. నీకు ఫీల్డ్‌కి నికరంగా మిగిలేది మూడు శనివారాలు, మూడు ఆదివారాలు, చూసుకో. "అంతా చదివేశాక రాస్తాను" అనుకోకు, వెళ్ళొచ్చిన రాత్రే రాసెయ్, బస్సులోనే మొదలుపెట్టు, నిద్రపోయి లేస్తే సగం పోతుంది, ఎవరు ఏ మాట అన్నారో కలిసిపోతాయి.

రిపోర్టు ఇంగ్లీషులో రాయాలి కదా? నోట్సు మాత్రం తెలుగులోనే, వాళ్ళన్న మాటల్లోనే రాసుకో. ఒకామె "చేబదులు తెచ్చాను" అంటుంది, ఇంకొకామె "వడ్డీకి తెచ్చాను" అంటుంది, మూడో ఆమె "సరుకు అరువిచ్చాడు" అంటుంది. ఇంగ్లీషులో మూడూ లోన్ అని రాసేశావంటే నీ రిపోర్టులో అసలు విషయం అక్కడే పోయింది. ఎవరికి వడ్డీ లేకుండా దొరుకుతోంది, ఎవరికి దొరకట్లేదు అన్నదే బహుశా నీ జవాబు.

గాజువాక_పిల్ల:

(రెండు వారాల తర్వాత)

అప్‌డేట్ ఇద్దామని వచ్చాను. రెండు శనివారాలు వెళ్ళాను. మొదటిసారి సర్వే_చెప్పులు అన్నయ్య చెప్పినట్టు చేపలు కొన్నాను, కవ్వళ్ళు, ఎక్కువకే కొన్నానని అమ్మ తిట్టింది. రెండోసారి ముగ్గురితో మాట్లాడాను. ఒక పెద్దావిడ "రాసుకుని ఏటి చేస్తావమ్మా, పైసలొస్తాయా మాకు?" అని అడిగారు. రావు, నాకు మార్కులు వస్తాయి అని నిజమే చెప్పాను. నవ్వి కూర్చోమన్నారు.

నా పన్నెండు ప్రశ్నల్లో ఐదు తన్నేశాయి. "నిషేధంలో ఆదాయం ఎంత తగ్గుతుంది" అని మొదలుపెడితే ఆవిడ "తగ్గడమేటి, అమ్మడం ఆపితే కదా" అన్నారు. ముగ్గురూ ఆ రెండు నెలలూ అమ్ముతూనే ఉన్నారట! ఇద్దరు చెరువు చేపలు తెచ్చి అమ్మారు, ఒకరు ముందే ఎండబెట్టి దాచిన చేపలు. చెరువు చేపకి ముందు డబ్బు కట్టాలి, సముద్రం చేపకైతే తెలిసిన బోటువాళ్ళు సాయంత్రం దాకా ఆగుతారు, అందుకే ఆ రెండు నెలలే వడ్డీకి తెస్తారట. అంటే వాళ్ళ కష్టం చేపలు లేకపోవడం కాదు, అరువు లేకపోవడం. నేను ఇంటి ఖర్చు గురించి అడగడానికి వెళ్ళాను, వాళ్ళు పెట్టుబడి గురించి చెప్పారు. ఇప్పుడు ప్రశ్న మార్చుకోవచ్చా? సర్ ఒప్పుకున్నది పాత ప్రశ్నకి. మళ్ళీ వెళ్ళి అడిగితే ఏమంటారో అని భయంగా ఉంది.

దిద్దే_పెన్ను:

టైటిల్ మారుస్తానండీ అని ఖాళీ చేతులతో వెళ్ళకు. అరపేజీ రాసుకుని వెళ్ళు: పాత ప్రశ్న, ఆ ముగ్గురూ చెప్పింది, అందువల్ల కొత్త ప్రశ్న. అది చదివి కాదనే గైడ్‌ని నేను చూడలేదు. ముగ్గురు చెప్పారు కాబట్టి అందరిదీ అదే అనుకోకు, మిగతా పన్నెండు మందిలో అలా కానివాళ్ళ కోసం కావాలనే వెతుకు.

గాజువాక_పిల్ల:

సర్ సంతకం పెట్టారు! మాట్లాడింది రెండు నిమిషాలే. కాగితం చివర పెన్సిల్‌తో "చెరువు చేప లారీ ఎక్కడ దింపుతారు, డబ్బు ఎవరికి కడతారు, చూశావా?" అని రాశారు. చూడలేదు. తెల్లవారకముందే దింపేస్తారని ఆ పెద్దావిడ అన్నారు, ఈ ఆదివారం తనతో రమ్మన్నారు. నాన్న తోడు వస్తానన్నారు కానీ బండి మెకానిక్ దగ్గరుంది. గాజువాక నుంచి పొద్దున్నే మొదటి బస్సు ఎన్నింటికో ఎవరికైనా తెలుసా?